మద్దెల నిజంగానే ఓడైతే?

గోల్ఫ్ ఆడే మన ఐటీ జనంలో ఒక మడి ఉంది. బ్యాగులో 4-ఐరన్, వీలైతే 3-ఐరన్ కూడా ఉంటే మడి. వాటి స్థానంలో హైబ్రిడ్ కనబడిందా, మైల. "అప్పుడే ముసలాడివైపోయావా గురూ" అంటాడు ఒకడు. "అది లేడీస్ కొట్టేది కదన్నా" అంటాడు ఇంకొకడు. ఇలా అనేవాళ్ళ స్కోరుకార్డులు నేను చూస్తూనే ఉంటాను. సగం మంది వంద లోపు ముగించిన రౌండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఈ టపా వాళ్ళ మీదే. గోల్ఫ్ అంటే గిట్టనివాళ్ళు కూడా చదవొచ్చు, ఎందుకంటే ఇదే మనుషులు మీ ఆఫీసులో వేరే వేషంలో తిరుగుతుంటారు. 'ఐడీఈ వాడేవాడు ప్రోగ్రామరేనా, నేను వీఐలోనే కొడతా' అనేవాడు, 'మెమరీ నువ్వే చూసుకోకపోతే అది కోడింగే కాదు' అనేవాడు, వాళ్ళే. వీఐ వాడటంలో తప్పేమీ లేదు. అది వాడి సాయంత్రం అయిదింటికి పని ముగించుకుని ఇంటికెళ్ళేవాళ్ళకి నా దండం. రాత్రి పదకొండింటిదాకా బగ్గుతో కుస్తీ పట్టి, పక్కవాడి ఐడీఈని వెక్కిరించేవాళ్ళతోనే నా గొడవ.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గోల్ఫ్ బ్యాగులో 14 క్లబ్బులకి మించి ఉండకూడదు. అమెరికాలో 1938 నుంచీ, బ్రిటన్‌లో 1939 నుంచీ ఇదే రూలు. వాటిలో పెద్ద తలకాయవి వుడ్లు (పేరుకే వుడ్లు, కర్ర పోయి చాలా ఏళ్ళయింది), పలకల్లాంటి తలకాయవి ఐరన్లు. ఐరన్ మీద నంబరు తగ్గేకొద్దీ ముఖం నిలువుగా లేస్తుంది, షాఫ్ట్ పొడుగవుతుంది, బంతి ఎక్కువ దూరం వెళ్ళాలి. 'వెళ్ళాలి' అన్నాను, 'వెళ్తుంది' అనలేదు. ముఖం ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పే కోణం లాఫ్ట్. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, మిగతా గొడవంతా దాని మీదే. లాంగ్ ఐరన్‌కి ఉండే లాఫ్టే పెట్టి, వుడ్‌ని కుదించినట్టుండే బోలు తలకాయ తగిలిస్తే అది హైబ్రిడ్. షాఫ్ట్ పొడుగు ఐరన్‌కీ ఫెయిర్‌వే వుడ్‌కీ మధ్యలో ఉంటుంది. అంతే, ఇందులో మంత్రమేమీ లేదు.

మంత్రం లేదు గానీ ఫిజిక్స్ ఉంది. ఇంటర్లో చదివిన గరిమనాభి గుర్తుందా? బ్లేడ్ ఐరన్‌లో బరువంతా ముఖానికి అంటుకునే ఉంటుంది. హైబ్రిడ్‌లో అది కిందకీ వెనక్కీ జరుగుతుంది. గరిమనాభి కిందకి దిగితే అదే లాఫ్టుతో బంతి ఇంకా ఎత్తుగా లేస్తుంది. వెనక్కి జరిగి, బరువు అంచులకి పరుచుకుంటే జడత్వ భ్రామకం పెరుగుతుంది, అంటే బంతి ముఖానికి నట్టనడుమ కాకుండా అరంగుళం పక్కన తగిలినా తలకాయ అంతగా మెలితిరగదు. అడుగుభాగం వెడల్పు కాబట్టి బంతికి కాస్త ముందే నేలకి తగిలినా పలుగులా దిగబడిపోదు, జారుతుంది. రఫ్‌లో, అంటే పొడుగు గడ్డిలో, ఐరన్ మెడకి గడ్డి చుట్టుకుని ముఖం మూసుకుపోతుంది. హైబ్రిడ్ తలకాయ ఆ గడ్డిని తోసుకుంటూ పోతుంది.

ఇప్పుడు మన సంగతి. టూర్‌లో ఆడే ప్రొఫెషనల్ డ్రైవర్‌ని గంటకి 113 మైళ్ళ పైమాటే తిప్పుతాడు. మామూలు మగ అమెచ్యూరుది సగటున 93 మైళ్ళు. మనలో వారమంతా కుర్చీలో కూర్చుని శనివారం పొద్దున్నే లేచి వెళ్ళేవాళ్ళది అంతకంటే ఎక్కువ ఉంటుందని నేననుకోను. ఈ 20 మైళ్ళ తేడా దగ్గరే కథంతా ఉంది. టూర్ ఆటగాడు ఏ క్లబ్బుతో కొట్టినా బంతి దాదాపు 30 గజాల ఎత్తుకి లేస్తుంది, 3-ఐరన్‌తో కొట్టినా సరే. అంత ఎత్తు నుంచి దిగుతుంది కాబట్టి గ్రీన్ మీద ఆగుతుంది. మనం అదే 3-ఐరన్‌తో కొడితే, అదీ బాగా తగిలితే, బంతి జొన్నచేను మీద పిట్టలా తక్కువ ఎత్తులో వెళ్ళి, గ్రీన్ ముందు పడి, గ్రీన్ దాటిపోయి, అవతలి బంకర్లో పడుతుంది. మనం బాగా కొట్టినప్పటి సంగతే ఇది. బాగా కొట్టనప్పటి సంగతి చెప్పుకోవడం ఎందుకులెండి.

క్లబ్బుల డిజైనర్ టామ్ విషన్ ఎప్పట్నుంచో 24/38 అని ఒక లెక్క చెప్తుంటాడు. 24 డిగ్రీల కంటే తక్కువ లాఫ్టూ, 38 అంగుళాల కంటే పొడుగు షాఫ్టూ ఉన్న ఐరన్‌ని సగటు ఆటగాడు నమ్మకంగా కొట్టలేడు అని. ఇప్పుడు మీ సెట్టుతో వచ్చిన కాగితం తీసి 4-ఐరన్ లాఫ్ట్ ఎంతో చూడండి. నేను ఆగుతాను.

చూశారా? సులువుగా కొట్టొచ్చు అని అమ్మే సెట్టయితే 18 నుంచి 21 మధ్యలో ఏదో ఒకటి ఉంటుంది. 1970ల్లో ఆ లాఫ్టుతో వచ్చేది 2-ఐరన్. అప్పట్లో 7-ఐరన్ 38 డిగ్రీల దగ్గర ఉండేది, ఇప్పుడు చాలా సెట్లలో 28 నుంచి 30. కంపెనీలు ఏళ్ళ తరబడి లాఫ్టులు తగ్గిస్తూ, అడుగున ఉన్న నంబరు మాత్రం అలాగే ఉంచుతూ వచ్చాయి. ఎందుకంటే షాపులో 'నా 7-ఐరన్ 160 వెళ్తోందిరోయ్' అనిపిస్తే కార్డు గీకుతాం. న్యాయంగా చెప్పాలంటే ఇందులో పూర్తి మోసం లేదు, తలకాయల్లో బరువు కిందకి దిగింది కాబట్టి లాఫ్ట్ తగ్గించకపోతే బంతి ఆకాశంలోకి పోతుంది. కానీ ఫలితం ఏవిటంటే, 'నేను 4-ఐరన్ నేర్చుకుంటున్నాను' అని కష్టపడుతున్న మన తమ్ముడు నిజానికి వాళ్ళ నాన్నగారి తరంలో గట్టి ఆటగాళ్ళు కూడా జంకిన 2-ఐరన్ నేర్చుకుంటున్నాడు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మడివాళ్ళు ఒక సామెత విసురుతారు. 'ఆడలేక మద్దెల ఓడు.' బావుంది. సామెతలో తప్పు లేదు. కానీ మద్దెల నిజంగానే ఓడైతే ఏం చెయ్యాలో కూడా చెప్పాలి కదా. చిల్లుపడ్డ మద్దెల ముందు ఏళ్ళ తరబడి గజ్జె కట్టి, అడుగు తప్పిన ప్రతిసారీ నీ కాళ్ళదే తప్పు అంటే ఎలా? లాంగ్ ఐరన్ సగటు మనిషి కోసం తయారైన వస్తువు కాదు. 93 మైళ్ళ మనిషికి 113 మైళ్ళ మనిషి పనిముట్టు ఇచ్చి 'సాధన చెయ్' అనడం, పదో తరగతి పిల్లాడికి ఎంటెక్ పుస్తకం ఇచ్చి 'శ్రద్ధ లేదురా నీకు' అని తిట్టడం లాంటిది.

ఇంకో వాదన: 'గొప్పవాళ్ళంతా లాంగ్ ఐరన్లతోనే గొప్పవాళ్ళయ్యారు.' నిజమే. 1950 యూఎస్ ఓపెన్, మెరియన్, ఆఖరి హోలు. బెన్ హోగన్ 1-ఐరన్‌తో కొట్టిన షాట్ ఫొటో గోల్ఫ్‌లో అన్నిటికంటే పేరున్న ఫొటో కావచ్చు. అంతకు 16 నెలల ముందు కారుని బస్సు గుద్ది, మళ్ళీ నడుస్తాడో లేదో అనుకున్న మనిషి. మర్నాడు ప్లేఆఫ్‌లో గెలిచాడు కూడా. 1972 యూఎస్ ఓపెన్లో, పెబుల్ బీచ్ 17వ హోలులో, జాక్ నిక్లాస్ అదే 1-ఐరన్‌తో కొడితే బంతి జెండా కర్రకి తగిలి హోలు పక్కన ఆగింది. చేతులెత్తి మొక్కాల్సిన షాట్లు. అయితే అయ్యలారా, ఆ 1-ఐరన్ ఇప్పుడెక్కడుంది? మీ బ్యాగులో ఉందా? మీకిష్టమైన టూర్ ఆటగాడి బ్యాగులో ఉందా? లీ ట్రెవినో అని ఒక హాస్యప్రియుడు, 1975లో కోర్సులో నిజంగానే పిడుగు దెబ్బ తిని బతికినవాడు, పిడుగులు పడేటప్పుడు 1-ఐరన్ పైకెత్తి పట్టుకోండి, దాన్ని దేవుడు కూడా కొట్టలేడు అనేవాడు. అంత వీరగాథలున్న 1-ఐరన్‌నే నిశ్శబ్దంగా సాగనంపినప్పుడు ఎవరికీ మైల అంటలేదు. ఇప్పుడు 4-ఐరన్ దగ్గరికొచ్చేసరికి సంప్రదాయం గుర్తొచ్చిందా?

హైబ్రిడ్ ముసలాళ్ళదీ ఆడవాళ్ళదీ అనేవాళ్ళకి రెండు పేర్లు చెప్తాను. 2004 బ్రిటిష్ ఓపెన్, రాయల్ ట్రూన్. టాడ్ హామిల్టన్ అనే 38 ఏళ్ళ ఆటగాడు, ఏళ్ళ తరబడి జపాన్ టూర్‌లో ఆడి అప్పుడే అమెరికా టూర్‌కి వచ్చినవాడు, ఎర్నీ ఎల్స్‌తో నాలుగు హోళ్ళ ప్లేఆఫ్ ఆడాడు. ఆఖరి హోలులో గ్రీన్ ముందు నుంచి హైబ్రిడ్ తీసి, పటర్‌తో తోసినట్టు తోశాడు. బంతి దొర్లుకుంటూ వెళ్ళి హోలు దగ్గర ఆగింది. ట్రోఫీ ఇంటికి పట్టుకెళ్ళాడు.

రెండోది ఇంకా రుచికరం. 2009 పీజీఏ ఛాంపియన్‌షిప్, మినెసోటాలో హేజెల్టిన్. మేజర్లలో మూడో రోజు చివర ముందంజలో ఉంటే టైగర్ వుడ్స్ అంతవరకూ 14కి 14 సార్లూ గెలిచాడు. ఎదురుగా దక్షిణ కొరియా నుంచి వై.ఇ. యాంగ్. రైతు కొడుకు, గోల్ఫ్ మొదలుపెట్టిందే 19 ఏళ్ళకి, అదీ ఒక డ్రైవింగ్ రేంజిలో పనికి చేరి. ఆఖరి హోలులో ఒక్క స్ట్రోకు ఆధిక్యంలో ఉండి, 200 గజాల పైనుంచి, చెట్టు దాటించి, గ్రీన్ మీద జెండా పక్కన దించాడు. చేతిలో ఏముంది? 3-హైబ్రిడ్. ఆ షాటుతో ఆసియాలో పుట్టిన మగవాళ్ళలో మేజర్ గెలిచిన మొదటివాడయ్యాడు. ఆ రోజు ఎవడూ వెళ్ళి 'అది లేడీస్ కొట్టేది కదన్నా' అని యాంగ్‌తో అనలేదు.

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి, అదో సంగతి. పూర్తి సెట్టుగా అమ్మే వాటిలో ఆడవాళ్ళవి చూడండి, చాలావాటిలో లాంగ్ ఐరన్లు ఉండనే ఉండవు, వాటి బదులు హైబ్రిడ్లే వస్తాయి. మగవాళ్ళ ఐరన్ల సెట్లో ఇంకా 4-ఐరన్ పెట్టి అమ్ముతున్నవాళ్ళున్నారు. స్వింగ్ వేగం అంతంత మాత్రంగానే ఉండే మగాడు ఈ రెండిట్లో ఏ సెట్టుకి దగ్గర? కంపెనీలకి ఈ లెక్క బాగా తెలుసు. ఆడవాళ్ళకి పనికొచ్చేది అమ్ముతున్నారు, మనకి మీసం అమ్ముతున్నారు.

ఇదంతా సరదా గొడవలా కనిపిస్తోందేమో. నాకెందుకింత మంటో చెప్తాను.

నేనుండేది డాలస్ పక్కన. పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా నుంచి ఫ్రిస్కోకి మార్చింది. ఫ్రిస్కోలో తెలుగువాళ్ళెంతమందో మీకు చెప్పక్కర్లేదు. ఊళ్ళో గోల్ఫ్ గాలి వీస్తోంది, చిన్నప్పుడు చిర్రాగోనె తప్ప కర్రతో ఏదీ కొట్టనివాళ్ళు కూడా క్లబ్బులు కొనుక్కుంటున్నారు. మంచిదే. మా శనివారం గుంపులోకి ఆమధ్య ఒక పెద్దాయన వచ్చారు. యాభై దాటినవారు, డేటాబేసుల్లో తలపండిన మనిషి. స్టెంట్ వేశాక డాక్టరు నడవమన్నాడట. ట్రెడ్‌మిల్ మీద గోడని చూస్తూ నడవడం తనవల్ల కాదని ఇటొచ్చారు. బ్యాగు మోసుకుంటూ 18 హోళ్ళు నడిస్తే అయిదు మైళ్ళ పైమాటే, దానికితోడు మనుషులతో నాలుగు మాటలు. ఆయనకి కావలసింది అదే.

ఎవరో చెప్పగా విని ఒక పాత హైబ్రిడ్ కొనుక్కుని తెచ్చారు. బాగానే కొడుతున్నారు కూడా, 150 గజాలు నిటారుగా. మా గుంపులో ఒక మడి మహాశయుడున్నాడు. "అన్నగారూ, ఇప్పుడే ఊతకర్ర అలవాటు చేసుకుంటే ఎప్పటికీ నేర్చుకోలేరు, 4-ఐరన్ తియ్యండి" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేను అడ్డుపడితే "నువ్వు ఊరుకో, ఆయనకి బేసిక్స్ రానీ" అన్నారు. పెద్దాయన పట్టుదల మనిషి, డేటాబేసుల్లో పైకొచ్చింది అలాగే. ఆర్నెల్లు 4-ఐరన్‌తో రేంజిలో బకెట్లు బకెట్లు బంతులు కొట్టారు. మోచెయ్యి పట్టేసింది. కోర్సులో బంతి ఇరవై గజాలు పాకడం, వెనక వచ్చే గుంపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడటం, ఈయన సారీ సారీ అంటూ బంతి చేత్తో తీసుకుని పరిగెత్తడం. స్టెంట్ వేసుకున్న మనిషి! తర్వాత ఒక శనివారం రాలేదు. ఇంకో శనివారం రాలేదు. నెల తిరక్కుండా వాట్సాప్ గ్రూపులో ఆయన సెట్టు అమ్మకానికొచ్చింది. 'లైట్లీ యూజ్డ్' అని.

ఆ మహాశయుడికి అది ఒక జోకు. ఆయనకి వారానికి అయిదు మైళ్ళ నడక. గోల్ఫ్‌లో మనవాళ్ళు ఎందుకు నిలబడరు, ఎందుకు ఏడాది తిరక్కుండా మానేస్తారు అని తల పట్టుకునే పెద్దమనుషులు ముందు ఇలాంటి వెటకారాల లెక్క తియ్యాలి.

సరే, హైబ్రిడ్ కొనాలని నిర్ణయించుకున్నారనుకుందాం. ఇక్కడ రెండో ప్రమాదం కాచుకుని ఉంది, దాని పేరు షాపు. మా ఆఫీసు కుర్రాడొకడు 4-ఐరన్ తీసేసి హైబ్రిడ్ పెట్టుకుందామని షాపుకి వెళ్ళాడు (పేరెందుకులెండి). అక్కడివాడు 4 బదులు 4 అని 4-హైబ్రిడ్ చేతిలో పెట్టి 300 డాలర్ల దాకా వసూలు చేశాడు. ఇంటికొచ్చాక చూస్తే దాని లాఫ్ట్ 22 డిగ్రీలు. మనవాడి సెట్లో 5-ఐరన్ లాఫ్ట్ ఎంత? అదీ 22. డబ్బు పెట్టి ఒకే లాఫ్టువి రెండు క్లబ్బులు కొన్నాడు, పైగా ఇదివరకు 4-ఐరన్ వెళ్ళాల్సిన దూరానికి ఇప్పుడు సరైన క్లబ్బే లేదు. షాపువాడు అబద్ధం చెప్పలేదు, రెండిటి మీదా నంబర్లు సరిగ్గానే ఉన్నాయి. నంబరే అబద్ధం. క్లబ్బు మీది నంబరు సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు లాంటిది, మార్కెటింగ్ వాళ్ళు వాళ్ళకి తోచింది పెడతారు. లోపల ఏ బిల్డ్ ఉందో చెప్పేది లాఫ్ట్. మన వృత్తిలో ఈ తేడా పసిపిల్లలకి కూడా తెలుసు, షాపులోకి అడుగుపెట్టగానే ఎందుకు మర్చిపోతామో!

కాబట్టి కింద నుంచి పైకి లెక్కెయ్యండి. మీరు పదిసార్లు కొడితే ఏడుసార్లు సరిగ్గా తగిలే ఐరన్లలో అన్నిటికంటే పొడుగుది ఏది? నిజం చెప్పండి, ఎవరూ వినట్లేదు. అది 6 అయితే 6, 7 అయినా సిగ్గుపడక్కర్లేదు. అది గాల్లో ఎంత దూరం వెళ్తుందో లాంచ్ మానిటర్ మీద కొలవండి. దొర్లినది లెక్కలోకి రాదు. దాని లాఫ్ట్ కంపెనీ వెబ్‌సైటులో ఉంటుంది. దానికంటే 12 నుంచి 15 గజాలు ఎక్కువ వెళ్ళే హైబ్రిడ్ కావాలి మీకు. సాధారణంగా మూడు నాలుగు డిగ్రీల తేడా అంటారు గానీ, ఇక్కడొక మెలిక ఉంది. అదే లాఫ్టున్న ఐరన్ కంటే హైబ్రిడ్ షాఫ్ట్ అంగుళమో అంగుళంన్నరో పొడుగు, బంతీ ఎత్తుగా వెళ్తుంది, కాబట్టి మామూలుగా అది ఐరన్ కంటే ఎక్కువ దూరమే పోతుంది. అందుకని డిగ్రీలు చూసి మొదలుపెట్టండి, గజాలు చూసి కొనండి. కొట్టి చూడనివ్వని షాపులో కొనొద్దు. అటు పైన, మీ ఫెయిర్‌వే వుడ్‌కీ ఈ హైబ్రిడ్‌కీ మధ్య దూరం కూడా చూసుకోండి, రెండూ ఒకే చోట పడుతుంటే మళ్ళీ ఆ కుర్రాడి కథే.

షాఫ్ట్ సంగతి చాలామంది పట్టించుకోరు. మీ ఐరన్లకి బరువైన స్టీలు షాఫ్టులుండి, హైబ్రిడ్‌కి పూచికపుల్లంత తేలిక గ్రాఫైట్ ఉంటే, రెండిటికీ మీ చేతుల టైమింగ్ కుదరదు. ఐరన్ల కంటే కొంచెం తేలిక, వుడ్ల కంటే కొంచెం బరువు, అలా మధ్యలో ఉండాలి. ఇక 16, 17 డిగ్రీల హైబ్రిడ్ జోలికి నెమ్మదిగా స్వింగ్ చేసేవాళ్ళు వెళ్ళకపోవడమే మేలు. అంత తక్కువ లాఫ్టుని లేపడానికి హైబ్రిడ్ క్కూడా వేగం కావాలి. వాళ్ళకి 7-వుడ్ ఇంకా నయం. 7-వుడ్ కూడా ముసలాళ్ళదే అంటారా? 2020 మాస్టర్స్ గెలిచినప్పుడు డస్టిన్ జాన్సన్ బ్యాగులో 7-వుడ్ ఉంది. అప్పటికి ప్రపంచంలో నంబర్ వన్ ఆయనే.

కొత్త మోడలే కొనాలని లేదు. ముఖం స్ప్రింగులా ఎంత ఎగరేయొచ్చో రూల్సు ఎప్పుడో గీత గీసేశాయి. ఏటేటా 'పది గజాలు ఎక్కువ' అని ప్రకటనలు చేస్తున్నారు, అవన్నీ కలుపుకుంటూ పోతే ఈపాటికి మనం ఫ్రిస్కోలో కొడితే బంతి ఓక్లహోమాలో పడాలి :)

ఇప్పుడు మడివాళ్ళ ఆఖరి అస్త్రం: 'హైబ్రిడ్ ఎడమకి తిప్పేస్తుంది.' ఇది మాత్రం గాలి కబురు కాదు. చాలా హైబ్రిడ్లు కుడికి పోయే బంతిని సరిచెయ్యడానికి కావాలనే కాస్త ఎడమకి లాగేలా తయారవుతాయి. వేగంగా, ముఖం బాగా మూస్తూ కొట్టే మంచి ఆటగాళ్ళకి అది హుక్ అవుతుంది. వాళ్ళ ఫిర్యాదు న్యాయమే, వాళ్ళు ఆఫ్‌సెట్ తక్కువున్నదీ షాఫ్ట్ బరువున్నదీ చూసుకోవాలి, లేదా లాంగ్ ఐరనే ఉంచుకోవాలి. కానీ మనలో చాలామంది జబ్బు స్లైసు, బంతి కుడివైపు పక్కింటి స్విమ్మింగ్ పూలులో పడటం. కుడికి పోయేవాడు ఎడమకి పోతుందని భయపడటం, బీపీ తక్కువున్నవాడు ఉప్పు మానేసినట్టుంది.

ఎడమకి పోవడానికి ఇంకో కారణం కొట్టే పద్ధతి. ఆకారం వుడ్‌లా ఉందని దాన్ని వుడ్‌లా ఊడుస్తారు, బంతిని చేతులతో పైకి లేపబోతారు. హైబ్రిడ్‌ని ఐరన్‌లా కొట్టాలి. బంతిని ఎడమ మడమకి రెండు బంతుల వెడల్పు లోపలికి పెట్టుకోండి (ఎడమచేతివాటం వాళ్ళు తిరగేసుకోండి), బరువు ముందుకాలి మీదకి వెళ్ళనివ్వండి, ముందు బంతికి, తర్వాత నేలకి తగలనివ్వండి, గడ్డి పైపొర కొంచెం లేస్తే అది సరైన గుర్తు. బంతిని లేపే పని లాఫ్ట్ చూసుకుంటుంది, దానికే కదా డబ్బులిచ్చాం. మరీ మోకాలి లోతు రఫ్‌లో మాత్రం దీన్ని కూడా తియ్యొద్దు, వెడ్జ్ తీసి బుద్ధిగా ఫెయిర్‌వేలోకి వచ్చెయ్యండి.

గ్రీన్ అంచున ఉన్నప్పుడు హామిల్టన్‌లా గ్రిప్ కిందకి పట్టుకుని పటర్‌లా తొయ్యడం కూడా పదిహేను నిముషాల్లో వస్తుంది. వెడ్జ్‌తో చిప్ చెయ్యబోయి బంతిని అటువైపు బంకర్లోకి తన్నేవాళ్ళకి ఇది మంచి మందు. నేను ఇది వాడినప్పుడల్లా మా మహాశయుడు మొహం అటు తిప్పుకుంటాడు. తిప్పుకోనీ.

హైబ్రిడ్ వద్దనేవాళ్ళలో నేను ఒప్పుకునేవాళ్ళూ ఉన్నారు. మార్చి ఏప్రిల్లలో మా ఉత్తర టెక్సస్ గాలి ఎదురుగా కొడుతున్నప్పుడు ఎత్తుగా లేచే బంతి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం, అప్పుడు నేల బారుగా పోయే ఐరన్ ఉన్నవాడు అదృష్టవంతుడే. సింగిల్ డిజిట్ హ్యాండిక్యాప్ ఉండి, లాంగ్ ఐరన్ ఇటూ అటూ తిప్పి కొట్టగలిగినవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు, వాళ్ళ దగ్గర నేనే నేర్చుకోవాలి. చిత్రమేవిటంటే అలాంటివాళ్ళెవరూ పక్కవాడి బ్యాగులోకి తొంగి చూసి నవ్వడం నేను చూళ్ళేదు. అమెరికాలో హ్యాండిక్యాప్ ఉన్న మగవాళ్ళ సగటే 14 దగ్గర ఉంటుంది. అసలు హ్యాండిక్యాప్ తీసుకోనివాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

హైదరాబాద్‌లో ఆడేవాళ్ళు కొందరు అడుగుతుంటారు, గోల్కొండ కోట పక్క కోర్సుకీ, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌కీ ఇది పనికొస్తుందా అని. భేషుగ్గా. ఎండాకాలంలో నేల గట్టిపడితే మరీ వెడల్పు అడుగున్నది ఎగిరి బంతి నెత్తిన కొట్టొచ్చు, కాబట్టి అడుగు కాస్త సన్ననిది చూసుకోండి. బండరాయి పక్కన పడిన బంతి జోలికి మాత్రం ఏ క్లబ్బుతోనూ పోకండి, పెనాల్టీ స్ట్రోకు షాఫ్ట్ కంటే చవక. అక్కడ దొరికే ధరలకంటే ఇక్కడ వాడినవి నయమని మా బావమరిది లాంటివాళ్ళు 'వచ్చేటప్పుడు ఒక హైబ్రిడ్ పట్రా బావా' అంటున్నారు. ఇదివరకు సెంటు సీసాలూ చాక్లెట్లూ అడిగేవాళ్ళు. తప్పకుండా తెప్పించుకోండి. కాకపోతే '4-హైబ్రిడ్' అని చెప్పకండి. మీ ఐరన్ల లాఫ్టులన్నీ ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపండి.